పుదీనా లేని పుదీనా: ఎండిన మాల్టా రొట్టెతో నాలుగు ట్రేల డైరీ

నవంబరు 2, ఆదివారం

అల్మరా మీంచి గుడ్డసంచీ దించి బల్ల మీద పెడితే ఠక్కుమంది. లోపల ఉన్నది రొట్టె. పది రోజులుగా మిగిలింది మిగిలినట్టు అందులో పడేస్తూ వచ్చాం. సగం రొట్టె ఒకటి, అంచు ముక్కలు కొన్ని, ఎవరో నైట్ డ్యూటీకి కోసుకుని మర్చిపోయిన చెక్కలు. తూస్తే 1 కిలో 180 గ్రాములు వచ్చింది.

ఈ ఫ్లాట్‌లో ముగ్గురం ఉంటాం. ముగ్గురం తెలుగువాళ్ళమే, మధ్యధరా సముద్రంలోని మాల్టా అనే దీవి దేశంలో వృద్ధుల సంరక్షణ పని చేస్తున్నాం, ఎవరి షిఫ్టు వాళ్ళది. పొద్దున్నే మా ఊరు హమ్రూన్‌లో, మా వీధిలోకి రొట్టె వ్యాను వచ్చి హారన్ కొడితే, మెలకువగా ఉన్నవాళ్ళు దిగి కొనేస్తారు. ఒకళ్ళు కొన్న సంగతి ఇంకొకళ్ళకి తెలీదు. సాయంత్రం అయ్యేసరికి ముగ్గురికీ అన్నమే కావాలి. ఇంక ఆ రొట్టె ఎవరు తినాలి?

ఇక్కడి రొట్టె మన బేకరీ బ్రెడ్‌లా ఉండదు. దాన్ని ‘హొబ్స్ తల్-మాల్టి’ అంటారు. పులియబెట్టిన పిండితో చేస్తారు. పైన ముదురు రంగు మందపాటి పెంకు, లోపల పెద్ద పెద్ద బొక్కలతో మెత్తటి భాగం. కొన్న రోజు టమాటా గుజ్జు రాసి, ఆలివ్ నూనె పోసి తింటే వదలబుద్ధి కాదు. మర్నాటికి సాగుతుంది. మూడో రోజుకి దాంతో గోడకి మేకు కొట్టొచ్చు.

ఆ సంచీని చెత్తబుట్ట దగ్గరికి తీసుకెళ్తుంటే కింది పోర్షన్ ముసలావిడ చూశారు. మేం ఆవిణ్ణి నన్నా అంటాం. మాల్టీస్‌లో నన్నా అంటే అమ్మమ్మ, నాన్నమ్మ. మొదట్లో ఆ పిలుపు నోరు తిరిగేది కాదు, పిలిచినప్పుడల్లా ఇంట్లో నాన్న గుర్తొచ్చేవారు. ఆవిడ సంచీ తడిమి చూసి, “పుదీనా చెయ్యి” అన్నారు. ఈ ఊళ్ళో పుదీనా ఎక్కడ దొరుకుతుందని అడిగాను. ఆవిడకి నా ప్రశ్న అర్థం కాలేదు, నాకు ఆవిడ జవాబు అర్థం కాలేదు. ‘పుదీనా తల్-హొబ్స్’ అంటే బ్రెడ్ పుడ్డింగ్ అని తేలడానికి అయిదు నిమిషాలు పట్టింది. బ్రిటిష్ వాళ్ళు నూటయాభై ఏళ్ళకు పైగా ఏలారు, 1964లో స్వాతంత్ర్యం ఇచ్చారు, 1979లో వాళ్ళ సైన్యం కూడా వెళ్ళిపోయింది. పుడ్డింగ్ ఇక్కడే ఉండిపోయింది, కోకో వేసుకుని నల్లబడి, పేరు కొంచెం మార్చుకుని.

మా ఫ్లాట్‌లో ఉండే జగిత్యాల అమ్మాయి, నేను చెల్లెలంటాను, ‘హొబ్స్’ వినగానే పట్టేసింది. “అక్కా, ఇది ఖుబ్బూసే గదా! మా బాపు మస్కట్ల తినేటోడు.” నిజమే, మాల్టీస్ అరబ్బీ వేర్లున్న భాష. గల్ఫ్‌లో మనవాళ్ళు ఇరవై ఏళ్ళు తిన్న మాటే ఇక్కడ ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుంటే మేం పోల్చుకోలేదు.

నవంబరు 4, మంగళవారం

ఇవాళ ఏరడం ఒక్కటే పని. గట్టిపడిన రొట్టె వేరు, బూజు పట్టిన రొట్టె వేరు. సంచీలోనే ప్లాస్టిక్ కవర్లో ముడేసి పెట్టిన రెండు చెక్కల మీద పచ్చటి మచ్చలున్నాయి. చుట్టూ సముద్రం ఉన్న ఊరు, గోడలకే చెమ్మ, కవర్లో రొట్టె ఎన్నాళ్ళు ఆగుతుంది? మచ్చ వరకు కోసి మిగతాది వాడదామని చెల్లెలంది, నేను ఒప్పుకోలేదు. రొట్టె లోపలంతా బొక్కలే కాబట్టి బూజు పోగులు కంటికి కనబడకుండానే దూరం పాకుతాయి. ఆ కవర్ మొత్తం పారేశాం. గుడ్డసంచీలో మిగతావన్నీ శుభ్రంగా ఉన్నాయి.

నేను చేస్తూ వచ్చిన తప్పు ఒకటి ఇవాళే తెలిసింది. రొట్టె పాడవకూడదని ఫ్రిజ్‌లో పెట్టేదాన్ని. రొట్టె గట్టిపడేది తడి ఆరిపోవడం వల్ల ఒక్కటే కాదు. కాల్చినప్పుడు మెత్తబడ్డ గంజి పదార్థం చల్లారాక మళ్ళీ గడ్డకట్టినట్టు ఒక వరసలోకి వచ్చేస్తుంది, అది ఫ్రిజ్ చల్లదనంలో ఇంకా తొందరగా జరుగుతుంది. రాత్రి మిగిలిన అన్నం ఫ్రిజ్‌లోంచి తీస్తే బిరుసుగా ఉంటుంది కదా, అదీ ఇదే కథ. బూజు రాదు గానీ గట్టితనం ముందే వచ్చేస్తుంది. నిలవ ఉండాలంటే చెక్కలు కోసి డీప్ ఫ్రీజర్లో పెట్టాలి, లేదా గుడ్డసంచీలో గాలాడేలా వదిలెయ్యాలి. పుదీనాకి రెండోదే మేలు. బాగా ఎండిన ముక్క నీళ్ళు పీల్చుకుంటుంది, వెంటనే ముద్దయిపోదు.

ఏరాక మిగిలింది 1 కిలో 20 గ్రాములు. రెండు ట్రేలకి సరిపోతుంది. మూడో ట్రే అవసరం పడదనే ధైర్యంతో ఉన్నాను.

నవంబరు 8, శనివారం. మొదటి ట్రే

నన్నాని కొలతలు అడిగితే “రొట్టె ఉన్నంత, పళ్ళు దొరికినంత” అన్నారు. అది కొలతేనా? అందుకని నా లెక్క నేనే వేసుకున్నాను. రొట్టె 500 గ్రాములు, గుడ్లు 3, పంచదార 150 గ్రాములు, వెన్న 80, కోకో పొడి 25, కిస్మిస్ 150, ఎండు అంజీర్ 100, పంచదార పాకంలో ఊరేసిన నారింజ తొక్కలు 50, వాల్‌నట్స్ 60. ఒక నారింజ తొక్క తురుము, దాల్చినచెక్క, లవంగం, జాజికాయ పొడులు కలిపి ఒక చెంచా. 20×30 సెంటీమీటర్ల ట్రే.

పాకం తొక్కలంటే మన టూటీ ఫ్రూటీలాంటివే అనుకుని చెల్లెలు గుప్పెడు నోట్లో వేసుకుని మొహం ముడిచింది. టూటీ ఫ్రూటీ పచ్చి బొప్పాయి ముక్క, దానికి తీపి తప్ప ఏమీ లేదు. ఇవి చేదుగా, ఘాటుగా ఉంటాయి. ఇంత తీపి వంటలో ఆ చేదు కావాలి కూడా.

రొట్టెని ముక్కలుగా విరిచి లీటరున్నర నీళ్ళలో ఇరవై నిమిషాలు నానబెట్టాను. జల్లెడలో వంపేసి, నీళ్ళు కారడం ఆగాక గిన్నెలో వేసి, మిగతావన్నీ కలిపేశాను. కలిపేముందు తూస్తే రొట్టె ఒక్కటే 1,480 గ్రాములుంది. అప్పుడే అనుమానం రావాల్సింది.

180 డిగ్రీల మీద గంట ఉంచాక కత్తి గుచ్చితే బురదలో దిగినట్టు దిగింది. ఇంకో అరగంట ఉంచాను. పైన మాడింది, నడుమ కదులుతోంది. చల్లారాక కోస్తే అంచుల్లో నాలుగు ముక్కలు కేకులా వచ్చాయి, నడుమంతా గరిటెతో తీసుకోవలసిందే. పైగా పంటికింద పెంకు ముక్కలు రబ్బరులా తగులుతున్నాయి. మెత్తటి భాగానికి ఇరవై నిమిషాలు చాలు గానీ పెంకుకి చాలలేదు.

మేం ముగ్గురం చెంచాలతో తిన్నాం. రుచి బాగానే ఉంది, అందుకే ఇంకా కోపం వచ్చింది.

అమ్మకి వీడియో కాల్‌లో చూపించాను. ఎండు రొట్టె పారెయ్యకుండా చేశానంటే ముందు సంతోషించింది. తర్వాత వెన్నెంత, గుడ్లెంత, అంజీర్ ఎంత అని ఒక్కొక్కటే అడిగి, “గోచీని ఎలకలు కొరుకుతున్నాయని పిల్లిని, పిల్లికి పాలకోసం ఆవుని తెచ్చుకున్న సన్యాసి నువ్వేనన్నమాట” అంది. లెక్క చూస్తే నిజంగానే రొట్టె ఖరీదుకి ఎన్నో రెట్లు పళ్ళకే పెట్టాను. ఫోన్ పెట్టేశాక కూడా ఆ మాట వదల్లేదు.

నవంబరు 9, ఆదివారం

అంచు ముక్క ఒకటి నన్నాకి తీసుకెళ్ళాను. కొరికి చూడకముందే, రెండు వేళ్ళ మధ్య నొక్కి, “పిండలేదు” అన్నారు.

“జల్లెడలో వార్చాను నన్నా.”

“వార్చడం మకరోనీకి.”

వంటింట్లోకి రమ్మన్నారు. ఆవిడ దగ్గరా ఒక రొట్టె సంచీ ఉంది, ఈ వీధిలో అందరిళ్ళలోనూ ఉంటుందేమో. నాలుగు ముక్కలు గోరువెచ్చటి నీళ్ళలో వేసి, మాటల్లో పడి, చాలాసేపటికి చెయ్యి పెట్టారు. ఆవిడ వేళ్ళ కణుపులు వాచి ఉంటాయి, సీసా మూత తియ్యాలంటే మమ్మల్ని పిలుస్తారు. ఆ చేత్తోనే లడ్డు చుట్టడానికి తీసుకున్నంత ముద్ద తీసుకుని నొక్కారు. ముందు నీళ్ళు ధారగా పోయాయి. తర్వాత వేళ్ళ సందుల్లోంచి దారంలా. తర్వాత చుక్క, చుక్క. రెండో చుక్కకి ఆపేశారు. అరచెయ్యి తెరిస్తే ముద్ద విడిపోలేదు, నాలుగు వేళ్ళ అచ్చులు అలాగే నిలబడ్డాయి. వేలితో తాకితే తడిగా ఉంది, కానీ వేలికి నీరంటలేదు.

“ఇంతే, అల్బీ” అన్నారు. ‘అల్బీ’ అంటే నా ప్రాణమా అని. నా చేతిలో ముద్ద పెట్టి నన్నూ పిండమన్నారు. నేను పులిహోరకి చింతపండు పిసికినట్టు పిసికేశాను. “చంపకు” అని చేతి మీద ఒకటి వేశారు. నొక్కాలి గానీ మెలిపెట్టకూడదట.

పెంకు సంగతి కూడా అడిగాను. కొందరు పెంకు తీసేసి చేస్తారట. ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ ముఖం చూస్తే పక్కింటివాళ్ళ పరువు తీస్తున్నట్టుంది. పెంకులోనే కాల్పు రుచి ఉంటుంది, దాన్ని వేరే గిన్నెలో ముందుగా నానబెట్టాలి, అంతే.

ఆవిడ చిన్నప్పుడు ఇంట్లో ఒవెన్ లేదట. ఈ వీధిలో ఎవరికీ లేదు. ఆదివారం మాంసం, బంగాళాదుంపల ట్రే ఎత్తుకుని ఊరి రొట్టెల బట్టీకి వెళ్ళేవాళ్ళు. రొట్టెలు తీసేశాక మిగిలిన వేడిలో బట్టీవాడు అందరి ట్రేలూ కాల్చిచ్చేవాడు. ఈవిడ పని ట్రే మొయ్యడం, దార్లో మూత ఎత్తి చూడకుండా ఉండడం. పుదీనా ట్రేలు కూడా అలాగే వెళ్ళేవట. రొట్టె పుట్టిన బట్టీలోకే మళ్ళీ వెళ్ళేదన్నమాట.

నవంబరు 15, శనివారం. రెండో ట్రే

నేను చేసిన తెలివైన పని ఏంటంటే, నన్నా చెప్పింది విని కూడా గుడ్డలో మూటకట్టి మెలిపెట్టి పిండాను. పనీరుకి అలవాటైన చెయ్యి. అయిదు వందల గ్రాముల రొట్టె, పిండాక 820 గ్రాములు తేలింది. కలుపుతుంటేనే పొడిపొడిగా ఉంది. పర్లేదు, గుడ్లున్నాయి కదా అనుకున్నాను.

ఈసారి యాభై నిమిషాలకే పొగ వాసన. పైకి తేలిన కిస్మిస్‌లు బొగ్గులయ్యాయి. పోయినసారీ పైన మాడింది, ఈసారీ మాడింది, తప్పు నాది ఒక్కదానిదే కాదేమోనని ఒవెన్‌లో పెట్టే చిన్న థర్మామీటర్ కొనుక్కొచ్చాను. బొత్తాం 180 దగ్గర ఉంటే లోపల 205 చూపిస్తోంది. అద్దె ఇంటి ఒవెన్, వయసులో నాకంటే పెద్దదిలా ఉంది. ఇంటాయన్ని ఏమీ అనను. 160 దగ్గర పెట్టుకుంటే అసలు 180 వస్తోందని తలుపు మీద కాగితం అంటించాను.

ట్రే సంగతి: పైన కటిక చేదు, లోపల రవ్వకేకులా రాలుతోంది. చెల్లెలు దాన్ని పాలలో వేసుకుని, “దీనికన్న మా డబల్ కా మీఠా నయం” అంది. డబల్ రొట్టి ముక్కలు నేతిలో వేయించి పాలు, చక్కెర పాకం పోసే హైదరాబాద్ వంటకీ దీనికీ పోలికే లేదు. అందులో ముక్క ముక్కగానే కనబడాలి, ఇందులో రొట్టె జాడే తెలియకూడదు. వాదించాను గానీ, ఆ రోజుకి ఆమె మాటే గెలిచింది.

లెక్క పుస్తకంలో ఇలా రాసుకున్నాను: 1,480 అయితే బురద, 820 అయితే ఇసక. మంచిది ఈ రెంటి మధ్యెక్కడో ఉంది.

నవంబరు 17, సోమవారం

సంచీలో రొట్టె అయిపోయింది. రొట్టె మిగలకుండా చూడ్డానికి మొదలుపెట్టిన పని, ఇప్పుడు రొట్టె మిగిల్చి ఎండబెట్టే పరిస్థితికి వచ్చింది. అమ్మకి చెప్పలేదు.

సెలవు కాబట్టి కోర్మీకి నడుచుకుంటూ వెళ్ళాను, మాకు పక్క ఊరే. రొట్టెకి పేరున్న ఊరు అది. మాల్టాని సెయింట్ జాన్ నైట్లు అనే క్రైస్తవ యోధుల సంఘం ఏలిన రోజుల్లో దానికి ‘కసాల్ ఫోర్నారో’ అని పేరు, అంటే రొట్టె చేసేవాళ్ళ ఊరు. ఇప్పటికీ సందుల్లో నడుస్తుంటే ఎటునుంచో కాల్పు వాసన వస్తుంది. ఒక బట్టీలో నిన్నటి రొట్టె ఉందా అని అడిగితే పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. పుదీనాకి అని చెప్పాను. మొహం మారిపోయింది. లోపలికెళ్ళి రెండు తెచ్చిచ్చి డబ్బులొద్దన్నాడు.

ఈ దేశంలో రొట్టె అంటే ఉన్న పట్టింపు నాకు మొదట తెలిసింది ఒక సెలవు వల్ల. జూన్ 7న సెలవెందుకని వచ్చిన కొత్తలో అడిగాను. 1919లో ఆ రోజు రొట్టె ధర పెరిగిందన్న కోపం కూడా తోడై జనం రాజధాని వల్లెట్టా వీధుల్లోకి వస్తే బ్రిటిష్ సైనికులు కాల్చారు, ఆ గొడవల్లో మొత్తం నలుగురు పోయారు. ఆ గొడవ ‘సెత్తె జున్యో’ పేరుతో ఇప్పుడు జాతీయ దినం. రెండో ప్రపంచ యుద్ధంలో దీవి చుట్టూ ముట్టడి పడ్డప్పుడు, 1942లో రొట్టెకి రేషన్ వచ్చింది. ఆగస్టు 15న ‘ఒహాయో’ అనే ఇంధన చమురు ఓడ ముక్కలయ్యే స్థితిలో రేవు చేరిన కథ మా హోమ్‌లో తొంభై దాటినవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. మనకి అయిదేళ్ళ తర్వాత అదే తారీఖు పండగ కదా, అందుకని నాకు మర్చిపోవడం కష్టం. రొట్టె ముక్క పారేస్తే ఆ తరం వాళ్ళు ఎందుకలా చూస్తారో నాకు ఎవరూ విడమర్చి చెప్పలేదు, చెప్పక్కర్లేకపోయింది.

నవంబరు 22, శనివారం. మూడో ట్రే

ఈసారి ఒక నియమం పెట్టుకున్నాను: పళ్ళు కొనకూడదు. అమ్మ చెప్పిన సన్యాసి కథ ఊరికే పోలేదు. పుదీనా అసలు లెక్కే అది కావచ్చు. మిగిలిన రొట్టెకి కొత్త అంజీర్లు కొంటే అది పొదుపు కాదు, కేకు. మూడు గదుల్లో డబ్బాలన్నీ వెతికితే దొరికినవి ఇవి. మా ఇంటినుంచి వచ్చిన పార్సిల్లో జీడిపప్పు బద్దలు గుప్పెడు. రంజాన్‌కి తోటి ఉద్యోగి ఇచ్చిన ఖర్జూరాలు తొమ్మిది, రాయిలా అయ్యాయి. సగం పాకెట్ కిస్మిస్. పోయినవారం తొక్కలు. అడుగంటిన నారింజ మార్మలేడ్ సీసా. ముడతలు పడిన ఆపిల్ ఒకటి, తురిమేశాను. అన్నీ కలిపి 380 గ్రాములు, మొదటి ట్రేలో పోసినవాటికి ఏమీ తీసిపోలేదు.

నన్నా కిస్మిస్‌లని విస్కీలో నానబెడతారు. మా భీమవరం అమ్మాయి మందు వాసన పడితే ట్రే ముట్టుకోనంది, కాబట్టి చిక్కటి టీ డికాక్షన్‌లో నానబెట్టాను. పాలు, పంచదార లేని వేడి టీలో గంట ఉంటే ఎండు ఖర్జూరం కూడా ఉబ్బి మెత్తబడింది. మిగిలిన టీ పారబొయ్యకుండా పెంకు నానే గిన్నెలో పోశాను.

పెంకు రెండు గంటలు, మెత్తటి భాగం ఇరవై నిమిషాలు. పిండడం చేత్తోనే, ముద్ద తర్వాత ముద్ద, రెండో చుక్క దగ్గర ఆపి. చివర్న తూస్తే 1,040 గ్రాములు. ఎండు బరువుకి రెట్టింపు కంటే కాస్త ఎక్కువ. గోడ మీద రాసుకోదగ్గ అంకె ఇదొక్కటే. మిగతా కొలతలు అటూఇటూ అయినా ఎవరికీ తెలీదు, ఇది తప్పితే అందరికీ తెలుస్తుంది.

పిండిన రొట్టెని ఫోర్కుతో చిదిపి, గిలక్కొట్టిన గుడ్లు, కరిగించిన వెన్న, 120 గ్రాముల పంచదార కలిపాను. మార్మలేడ్ తీపి ఉందని 30 తగ్గించాను. కోకో నేరుగా చల్లితే ఉండలు కట్టింది పోయినసారి, అందుకని వెన్నలో ముందే కలిపేశాను. మైదా వెయ్యలేదు. మొత్తం కలిపాక గారెల పిండి కంటే కొంచెం జారుగా ఉంది, గరిటె నిలబెడితే మెల్లిగా ఒరిగింది.

ట్రేలో సర్దాక పైకి కనబడుతున్న ప్రతి కిస్మిస్‌నీ వేలితో లోపలికి తోశాను. పది నిమిషాల పని, విసుగు పని. కానీ ఒక్కటీ మాడలేదు. నలభై నిమిషాలకి పైన అల్యూమినియం రేకు కప్పి, మొత్తం గంటా పది నిమిషాలు. కత్తి గుచ్చి తీస్తే అంటుకోలేదు, కొద్దిగా చెమ్మ మాత్రం ఉంది. పుదీనా అంచులు ట్రే పక్కల్ని వదిలాయి.

వేడిగా కొయ్యొద్దని నన్నా మరీ మరీ చెప్పారు. చెల్లెలు మూడుసార్లు వంటింట్లోకి వచ్చి వెళ్ళింది. మూడోసారి కత్తి దాచేశాను.

నవంబరు 23, ఆదివారం

పొద్దున కోశాను. 24 చతురస్రాలు, అంచులు నిలువుగా. రొట్టె అని చెబితే తప్ప తెలీదు. ఒక్కచోట మాత్రం గోధుమరంగు పెంకు గీత సన్నగా కనబడుతోంది, అది నాకు నచ్చింది. కాఫీ పొడి రంగు, నారింజ వాసన, ముక్క బరువుగా ఉంది. రాత్రంతా ఉండడంతో తడి అంతటా సర్దుకుంది, నిన్న రాత్రి దొంగతనంగా గిల్లిన మూల కంటే ఇవాళ రుచి ఎక్కువ.

నన్నా ముక్క నొక్కారు, వాసన చూశారు, తిన్నారు. జీడిపప్పు దగ్గర ఆగి ఇదేంటని అడిగారు. చెప్పాను. “మేం బాదం వేస్తాం” అన్నారు. రెండో ముక్క తీసుకున్నారు.

నవంబరు 27, గురువారం

హోమ్‌కి పది ముక్కలు పట్టుకెళ్ళాను, స్టాఫ్ రూమ్ వరకే. పెద్దవాళ్ళకి బయటి తిండి మేం పెట్టకూడదు, పెట్టాలనిపించినా సరే. మింగడం కష్టమైనవాళ్ళకి ఇందులో గింజ ఒక్కటి చాలు ప్రమాదానికి. షుగర్ సంగతి చెప్పక్కర్లేదు.

స్టాఫ్ రూమ్‌లో మాల్టీస్ వాళ్ళు నలుగురు తిన్నారు. నాలుగు ఇళ్ళ పుదీనాలు బయటికొచ్చాయి. ఒకరి ఇంట్లో కోకో బదులు చాక్లెట్ కరిగించి వేస్తారు. ఒకరి ఇంట్లో కోకోయే లేదు, అది వేస్తే బజారు పుదీనా అవుతుందట. ఇంకొకాయన క్రిస్మస్‌కి మిగిలిన పళ్ళతో జనవరిలోనే చేస్తారట. వాళ్ళ వాదన చూస్తే మన ఇళ్ళలో పప్పుచారులో బెల్లం గురించి జరిగే వాదన గుర్తొచ్చింది. పిండాలన్న సంగతి మాత్రం ఎవరూ అనలేదు. వాళ్ళకది చెప్పుకునే విషయమే కాదు.

డిసెంబరు 6, శనివారం. నాలుగో ట్రే

భీమవరం అమ్మాయి సూపర్ మార్కెట్ నుంచి కోసిన మెత్తటి బ్రెడ్ తెచ్చి అలాగే వదిలేసింది. ఇదీ రొట్టే కదా అని ప్రయత్నించాను. నీళ్ళలో వేసిన రెండు నిమిషాలకే పెరుగన్నంలా అయింది. పిండబోతే వేళ్ళ సందుల్లోంచి నీళ్ళతోపాటు రొట్టె కూడా జారిపోతోంది. చివరికి నానబెట్టడం మానేసి, ముక్కలు ఒవెన్‌లో ఎండబెట్టి, పాలు చిలకరించి తడిపాను. తయారైంది, తిన్నాం, కానీ కొరికితే పంటికి ఆనేదేమీ లేదు. మాల్టా రొట్టెలో పులిసిన పిండి సాగుడు ఉంటుంది, నీళ్ళలో నానినా చెక్కు చెదరదు. ఈ వంట ఈ ఊళ్ళో ఎందుకు నిలబడిందో దానివల్లే అర్థమైంది. ఇక్కడి చదును రొట్టె ‘ఫ్తీరా’కి 2020లో యునెస్కో గుర్తింపు వచ్చింది, అదీ పులిసిన పిండే. దాంతో కూడా పుదీనా చెయ్యొచ్చా అని నన్నాని అడగాలి. మిగిలితే కదా.

ఈ ట్రేలో సగానికి ఏలకులు వేసి చూశాను. జాజికాయ, నారింజ, కోకో ఉన్నచోట ఏలకు గొంతు వినబడలేదు. అనవసరం.

డిసెంబరు 8, సోమవారం

ఇవాళ ఇక్కడ పండగ సెలవు. డ్యూటీ ఉంది కాబట్టి నాకు కాదు. సాయంత్రం వచ్చేసరికి మా తలుపు పిడికి రెండు సంచీలు వేలాడుతున్నాయి. ఒకటి నన్నాది, ఆ పాత గళ్ళ గుడ్డ నాకు తెలుసు. రెండోది ఎవరిదో తెలీదు, మూడో అంతస్తు వాళ్ళదని చెల్లెలి అనుమానం. వీధిలో మాట పాకినట్టుంది.

బల్ల మీద కుమ్మరించి ఏరాను. రెండో సంచీలో ఒక ముక్కకి బూజు ఉంది, దానికి ఆనుకున్నవి నాలుగు తీసేశాను. మిగిలింది 1 కిలో 340 గ్రాములు. ట్రే ఒక్కటే ఉంది, 500 పడుతుంది. మిగతాది గుడ్డసంచీలో కట్టి అల్మరా పైన పెట్టాను. ఇప్పుడు పెంకులు నానబెడుతున్నాను, టీ కాస్త పల్చగా పెట్టాను ఈసారి.